సాయం చేయని శౌరయ్య మాస్టారు

శౌరయ్య మాస్టారు ఎవరికీ సాయం చేసేవారు కాదు. చేతకాక కాదు, బద్ధకం వల్ల అంతకన్నా కాదు, చేయకూడదని వ్రతం. కొందరు చుట్ట మానేస్తారు, కొందరు నీచు మానేస్తారు. ఆయన సాయం మానేశారు.

మానేసిన వస్తువు కళ్లెదుట కనిపిస్తే ఎంత యాతనో మానేసినవాళ్లకే తెలుస్తుంది. అందుకని ఎవరైనా ఇబ్బందిలో పడ్డట్టు కనిపించగానే మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి, చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుని, మణికట్ల చుట్టూ తువ్వాలు బిగించి ముడేసుకునేవారు. వెనక్కి పెట్టిన చేతులకు తన ముడి తనే ఎలా వేసుకుంటారన్నది భవానీపురంలో ఎవరికీ అంతుపట్టని విషయం. పాపం ముడి మేం వేసిపెడతాం అని ఒకరిద్దరు ముందుకొచ్చారు కూడా. చేయనివాడు పుచ్చుకోనూ కూడదని ఆయన ఒప్పుకోలేదు.

ఒకసారి బెజవాడ స్టేషను నుంచి జట్కాలో వస్తూంటే నడిరోడ్డు మీద గుర్రం మొరాయించింది. జట్కావాడు దిగి కళ్లెం పట్టి లాగాడు, బతిమాలాడు, గుర్రం వంశాన్నంతా తిట్టాడు, చివరికి వెనకనుంచి కాస్త తొయ్యమని మాస్టారిని అడిగాడు. మాస్టారు గుర్రాన్ని నిదానంగా పరిశీలించారు.

"అది ఏదో ఆలోచించుకుంటోంది. మధ్యలో నేనెందుకు?" అన్నారు.

గుర్రం ఆలోచన ఒక కొలిక్కి వచ్చేసరికి పొద్దు గూకింది. అంతసేపూ ఆయన నిమ్మకు నీరెత్తినట్టు బండిలోనే కూర్చున్నారు.

విచారణ గురువుగారు, అంటే చర్చి ఫాదరు, వరసగా మూడు ఆదివారాలు గుళ్లో మంచి సమరయుడి కథే చెప్పారు. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని చూసి ఇద్దరు తప్పుకుపోతే మూడోవాడు ఆగి కట్టు కట్టిన కథ. చెబుతున్నంతసేపూ ఫాదరు చూపు మాస్టారి మీదే ఉంది. మూడో ఆదివారం పూజ అయ్యాక మాస్టారు ఆయన దగ్గరికి వెళ్లి, ఆ దెబ్బలు తిన్న మనిషి వయసెంతో గ్రంథంలో ఎక్కడైనా ఉందా అని వినయంగా అడిగారు. లేదన్నారు ఫాదరు. "అదీ చిక్కు. పన్నెండేళ్లు దాటినవాడైతే కట్టు తనే కట్టుకుని ఉండేవాడు" అని చెప్పి వచ్చేశారు. నాలుగో ఆదివారం ఫాదరు వేరే కథ ఎత్తుకున్నారు.

ఆయన భార్య సంపూర్ణమ్మకు మాత్రం ఇదంతా నవ్వులాటగానే ఉండేది. మా పెళ్లి ఈ వ్రతం పట్టకముందే అయింది గనక బతికిపోయాను, లేకపోతే గుళ్లో ఉంగరం నా చేతికిచ్చి నువ్వే పెట్టుకో అనేవారు, అనేది.

ఈ కథలన్నీ వెంకటరావమ్మ మంగళగిరి నుంచి వచ్చిన మొదటిరోజే సంపూర్ణమ్మ నోటివెంట విన్నది. విని నవ్వలేదు. ఆవిడకు ఒళ్లు మండింది. ఎందుకంటే సాయం చేయని మనిషి అనేవాడు ఒకడు భూమ్మీద ఉంటాడని ఆవిడ అంతవరకూ అనుకోలేదు.

వెంకటరావమ్మను ఎవరూ సాయం అడగనవసరం లేదు. వద్దన్నా ఆపడం కష్టం. ఎదుటివాడు తుమ్మబోతే తను ముక్కు చీదేసే రకం. వాళ్లది మంగళగిరిలో మగ్గాలూ బట్టల కొట్టూ ఉన్న ఇల్లు. మగ్గం మీద పోగు తెగితే నేసేవాడి కన్నా ముందు ఆవిడ చెయ్యి వెళ్లేది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. తరవాత కొన్నేళ్లకు తమ్ముడు ఆదిశేషయ్య భార్య కూడా పోయింది. అప్పటికింకా నడక రాని మేనల్లుడు సత్యం ఈవిడ ఒళ్లోకి వచ్చాడు. వచ్చినవాడు పదమూడేళ్లు వచ్చినా ఒళ్లోంచి దిగలేదు. తప్పు వాడిది కాదు, దించితే కదా. అన్నం కలిపి పెట్టేది, పంచె గోచీ పెట్టేది, మంచినీళ్ల గ్లాసు నోటికి అందించేది.

మాటలు కూడా ఆవిడే అందించేది. సత్యానికి నత్తి. మాటలో మొదటి అక్షరం దగ్గర ఆగిపోయేవాడు. ఆగగానే మిగతాది వెంకటరావమ్మ పూర్తి చేసేది. వాడు "ప..." అంటే పటికబెల్లం, "బ..." అంటే బజారుకు వెళ్దాం. వాడు తల ఊపేవాడు. అత్త ఉన్నంతకాలం నోటితో పని లేదు గనక నోరు తెరవడమే తగ్గించేశాడు.

బళ్లో అత్త లేదుగా. పాఠం అప్పజెప్పమంటే నోరు పెగలక నిలబడేవాడు, అయ్యవారు బెత్తం తీసేవాడు, పిల్లలు నవ్వేవాళ్లు. ఒకరోజు వాడు ఇంటికొచ్చి పలక బావిలో పారేశాడు. బడికి మళ్లీ వెళ్లలేదు. అప్పుడే నూలు తెచ్చే వెంకటప్పయ్య ఒక కబురు మోసుకొచ్చాడు. బెజవాడ పక్కన భవానీపురంలో, కృష్ణ ఒడ్డున, ఒక కొత్తరకం బడి ఉందట. అక్కడ పాఠం అప్పజెప్పడం అనేది లేదట. ఆదిశేషయ్యకు ఆ ఒక్క మాట చాలింది. వెంకటరావమ్మకు చాలలేదు. తనూ వెళతానంది. కిరస్తానీ మాస్టారి బడి గనక వాడికి వండిపెట్టడానికైనా తను ఉండాలని, కుంపటీ గిన్నెలూ కట్టుకుని, సీతానగరం దగ్గర పడవెక్కి, మేనల్లుడి చెయ్యి వదలకుండా కృష్ణ దాటింది.

తీరా చూస్తే అది బడి కాదు. పాత పొగాకు కొట్టం, దాని చుట్టూ అయిదెకరాల ఇసకనేల, రోడ్డువారగా ఒక తాటాకుల కొట్టు. రామకోటేశ్వరరావు అనే ఆసామి, ఏమీ పండక ఎవరూ అడగని నేల గనక, ధర్మంగా ఇచ్చాడు. అందులో పన్నెండు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలు ఓ డజనుమంది ఉంటున్నారు. వాళ్లే దున్నుతారు, వాళ్లే వండుతారు, పండిన కూరలు వాళ్లే కొట్లో పెట్టి అమ్ముతారు. ఎరువు వేసేటప్పుడు సైన్సు, అమ్మేటప్పుడు లెక్కలు, కృష్ణకు వరదొచ్చినప్పుడు భూగోళం. బెంచీ అనేది లేదు.

శౌరయ్య మాస్టారు ఇదంతా మద్రాసులో నేర్చుకొచ్చారు. అంతకుముందు బెజవాడలో ఒక హైస్కూల్లో ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పారు. యుద్ధం మొదలైన కొత్తలో మాంటిసోరీ పద్ధతి అని మద్రాసులో శిక్షణ ఇస్తున్నారంటే సెలవు పెట్టి వెళ్లారు. ఆ వయసు పిల్లల్ని గదుల్లో కుక్కకండి, నేల మీదికి తీసుకెళ్లండి, వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడే పనులు వాళ్లకివ్వండి, పెద్దవాళ్లు అడ్డం తప్పుకోండి అని అక్కడ చెప్పారు. వచ్చినవాళ్లంతా మొత్తం విన్నారు. మాస్టారికి ఆఖరి మాట మరీ గట్టిగా వినపడింది. తిరిగి రాగానే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, అడ్డం తప్పుకోవడమే పనిగా పెట్టుకున్నారు.

మొదటిరోజు భోజనాల దగ్గరే వెంకటరావమ్మకు ప్రాణం విసిగింది. వంట వంతు ఇద్దరు కొత్త పిల్లలది. అన్నం అడుగున మాడింది, పైన పలుకు, మధ్యలో జావ. మాస్టారు చేతులకున్న తువ్వాలు విప్పుకుని, కూర్చుని, మూడు రకాలూ కలుపుకుని మారు మాట్లాడకుండా తిన్నారు. ఎసరు ఎంత పెట్టాలో ఒక్క మాట చెబితే పోయేదానికి పిల్లల కడుపులు మాడ్చడమెందుకని ఆవిడ నిలదీసింది.

"అన్నం చెబుతుందమ్మా. మధ్యలో నేనెందుకు?" అన్నారాయన.

అన్నం నాలుగు రోజులపాటు చెప్పింది. అయిదోరోజు పిల్లలకు అర్థమైనట్టుంది, మల్లెపూవులా దించారు. వెంకటరావమ్మ మాత్రం తన వంట తను కుంపటి మీద వండుకుని, ఆ మల్లెపూవు వంక ఓరగా చూస్తూ తిన్నది.

ఆవిడకు అసలు కష్టం అది కాదు. అక్కడ చేయడానికి పని లేదు. చీపురు పట్టుకుంటే ఒక పిల్ల వచ్చి ఇవాళ ఊడ్చే వంతు నాదండీ అని మర్యాదగా లాక్కుపోయేది. తొట్టి నింపబోతే ఇంకొకడు. సత్యానికి గోచీ పెట్టబోతే వాడు సిగ్గుపడి గోడ వెనక్కి పారిపోయాడు. సగం ఊడిన పంచెతో రోజంతా తిరిగాడు. మర్నాడు గోచీ నిలిచింది. ఆవిడకు ఆకలి చచ్చిపోయింది.

కొట్టు దగ్గర ఇంకా అన్యాయం. సత్యం వంతు వచ్చిన రోజున ఒక రైతు వచ్చి దోసకాయలు ఎలా ఇస్తున్నారని అడిగాడు. వాడు "బే..." అని ఆగాడు. తడిక వెనకనుంచి వెంకటరావమ్మ "బేడకు వీశె" అని కేకేసింది. రైతు తడిక వంక చూసి, కొట్లో కూర్చున్నది ఎవరు, అమ్మేది ఎవరు అని నవ్వాడు. సత్యం మొహం కందగడ్డ అయింది.

అమలమ్మ అనే పిల్ల ఆవిడ దగ్గరికి వచ్చింది. కృష్ణ మధ్య లంకలో కూలిపనులు చేసుకునేవాళ్ల కూతురు, పద్నాలుగేళ్లది, అక్కడి పిల్లలకు పెద్దదిక్కు. "అత్తయ్యగారూ, కొట్టు వంతు సత్యందండీ" అంది. అంతే అంది. వెంకటరావమ్మ మాస్టారి కోసం చూసింది. ఆయన కొంచెం దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని, ములగచెట్టును చూస్తున్నారు.

ఇది జరిగిన వారానికి పిల్లలంతా కూర్చుని మడుల్లో ఏం నాటాలో మాట్లాడుకున్నారు. ఒకరు బెండ అన్నారు, ఒకరు గోరుచిక్కుడు. సత్యం వంతు వచ్చింది. వాడు లేచి "వం..." అన్నాడు.

"వంకాయ" అంది వెంకటరావమ్మ. వాడికి గుత్తొంకాయ అంటే ప్రాణమనీ, రోజూ అదే కావాలంటాడనీ, చిన్నప్పటి నుంచీ తన చేత్తో కారం కూరి పెడుతున్నాననీ అందరికీ చెప్పింది.

సత్యం కూర్చోలేదు. పిల్లలు వంకాయ అని రాసుకోనూ లేదు. వాడి వంక చూస్తూ ఊరుకున్నారు. మాస్టారు కిటికీలోంచి కృష్ణను చూస్తున్నారు. వెంకటరావమ్మ ఇంకోసారి అందుకోబోయి, ఎవరూ తన వంక చూడకపోవడంతో ఆగింది. చాలాసేపు పట్టింది.

"వం... వంకాయ వద్దు" అన్నాడు సత్యం. "నాకు... మొదట్నుంచీ ఇష్టం లేదు."

ఎవరూ నవ్వలేదు. అమలమ్మ వంకాయ వద్దని రాసుకుని, పక్కవాణ్ని అడిగింది. వెంకటరావమ్మ లేచి కుంపటి దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఇన్నేళ్లూ వాడు "వం..." అన్నప్పుడల్లా ఆవిడ ఇంకో రెండు కాయలు వేసింది. పిల్లాడు గుడ్లనీళ్లు కుక్కుకుని తింటే కారం ఎక్కువైందనుకుంది. ఆ సాయంత్రం దాకా ఏడ్చింది. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక, అలవాటు ప్రకారం శౌరయ్య మాస్టారి మీద వచ్చింది. ఇంత జరుగుతున్నా మధ్యలో నేనెందుకని ఏటి వంక చూసే మనిషి దగ్గర పిల్లాణ్ని ఉంచడం తనదే బుద్ధితక్కువ అనుకుంది. నూలు కోసం బెజవాడ వచ్చిన వెంకటప్పయ్యను పట్టుకుని తమ్ముడికి కబురు పెట్టింది: ఈ మాస్టారు రాతిమనిషి, పిల్లలు చచ్చినా చెయ్యి అందించడు, వెంటనే వచ్చి మమ్మల్ని తీసుకుపో.

ఆ వెంకటప్పయ్య రేవు దాటాడో లేదో, పిల్లలకు పడవ పిచ్చి పట్టింది. కూరలు తట్టల్లో మోసుకుని బెజవాడ బజారుకు నడిచే బదులు పడవలో వేసుకుపోతే సుఖమన్నారు. ఒక పాత పడవ సంపాదించి కన్నాలు పూడ్చి తారు పూశారు. ఒడ్డు నుంచి ఎదురుగా ఉన్న ఇసకతిప్ప దాకా ఈదగలిగినవాళ్లే పడవెక్కాలని వాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు. అమలమ్మకూ, అంతోని అనే పిల్లాడికీ ఈత వచ్చు. మిగతావాళ్లకు వాళ్లిద్దరూ నేర్పుతారు.

మాస్టారు వద్దనాలిగా. అనలేదు. కనీసం ఒడ్డునైనా నిలబడాలిగా. అదీ లేదు. పొద్దున పిల్లలు నీళ్లవైపు వెళ్లగానే ఆయన ఇంకోవైపు వెళ్లిపోయేవారు. ఎక్కడికని సంపూర్ణమ్మను అడిగితే, ఏమో, చెప్పరు, అనేది.

వరద తగ్గి నీళ్లు తేటపడ్డ రోజులు. అయినా కృష్ణ కృష్ణే. సత్యం నీళ్లలోకి దిగిన మొదటిరోజు వెంకటరావమ్మ తలుపేసుకుని చౌడేశ్వరమ్మకు మొక్కుకుంటూ కూర్చుంది. ఆ వారమంతా అంతే. ఎనిమిదోరోజు ఇక పట్టలేక, పిల్లల్ని ఏటికి వదిలేసి షికార్లు తిరిగే ఆ పెద్దమనిషిని నాలుగు దులిపేద్దామని ఆయన వెళ్లిన దారి పట్టింది. గట్టు వెంట వెళ్లి, పిల్లలు ఈదే చోటికి కాస్త దిగువన జమ్ము పొద దగ్గరికి వచ్చింది. దారి అక్కడితో ఆఖరు. మనిషి జాడ లేదు. జమ్ములో నీళ్ల మీద నల్లటి పాతకుండ ఒకటి బోర్లా తేలుతోంది.

ఆవిడ వెనక్కి తిరిగింది. కుండ తుమ్మింది.

వెంకటరావమ్మ మంగళగిరి నరసింహస్వామిని తలుచుకుని మళ్లీ చూసింది. కుండకు ముందువైపు రెండు కన్నాలు. కన్నాల్లోంచి ఎవరో పిల్లలవైపు చూస్తున్నారు. ఆవిడ చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని దిగి, నడుం దాకా తడిసినా ఆగకుండా వెళ్లి కుండను పట్టుకుని పైకి లేపింది. కింద శౌరయ్య మాస్టారి తల ఉంది. పెదవులు నీలం తిరిగి ఉన్నాయి.

"ఏమిటండీ మాస్టారూ ఇది?"

"స్నానం చేస్తున్నానమ్మా."

"చొక్కాతోనా?"

ఆయన మెడ దాకా నీళ్లలో ఉన్నారు. నడుముకు మోకు కట్టుకుని ఉంది, దాని రెండో కొస ఒడ్డున తుమ్మ మొద్దుకు బిగించి ఉంది. చేతులు రెండూ ముందుకు చాచి నీళ్లలో పెట్టుకుని ఉన్నారు. కంచం ముందు తప్ప ఆ చేతుల్ని ముందువైపు చూడటం ఆవిడకు అదే మొదలు. మోకు ఎందుకని అడిగింది.

"మాది నందిగామ అవతల మెట్టపల్లెమ్మా. మాకు నీళ్లు బావిలోనే ఉంటాయి. నాకు ఈత రాదు."

వెంకటరావమ్మకు నోట మాట రాలేదు. అది కూడా మొదటిసారే. ఎవరైనా కొట్టుకుపోతే ఈ జమ్ములోకే రావాలట, వస్తే పట్టుకుందామని ఇలా ఉన్నారట. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ, రోజూ. ఇంత చేసేవారు ఒడ్డున నిలబడి ఆ మాట చెప్పొచ్చు కదా, వాళ్లకూ ధైర్యంగా ఉంటుంది కదా అంది ఆవిడ.

"పట్టుకునేవాడు ఉన్నాడని తెలిస్తే వాళ్ల కాళ్లు ఆడవమ్మా" అన్నారు మాస్టారు, పళ్లు టకటకలాడిస్తూ. "లేడనుకుంటే నా గుండె ఆడదు. అందుకని ఈ కుండ. దయచేసి పిల్లలకు చెప్పకండి."

ఇంతలో ఎగువ నుంచి కేకలు వినిపించాయి. సత్యం తిప్పవైపు ఈదుతున్నాడు. సగం దూరంలో చేతులు తడబడ్డాయి. నీటివాలు వాణ్ని జమ్మువైపు తోస్తోంది. వెంకటరావమ్మ ముందుకు ఉరికింది. మాస్టారు ఆవిడ చెంగు పట్టుకున్నారు. తనే రెండడుగులు లోపలికి వేశారు. మోకు బిర్రుగా సాగింది, నీళ్లు గడ్డానికి వచ్చాయి. చేతులు నీటి కింద చాచి అలాగే నిలబడ్డారు. "ఇంకా ఈదుతున్నాడు. ఇంకా ఈదుతున్నాడు" అని గొణుగుతున్నారు. ఆ గొణుగుడు ఆవిడ కోసమో, తన కోసమో తెలియదు. సత్యం ఒకసారి మునిగాడు, లేచాడు, నీళ్లు ఉమ్మాడు, తల అటు తిప్పి మళ్లీ బారలు వేశాడు. వాడి కాళ్లకు ఇసక తగిలింది. తిప్ప మీద నిలబడ్డాడు.

పిల్లలందరూ ఒక్కసారిగా ఇటు తిరిగారు. దాక్కోవాల్సినవాళ్లు ఇద్దరు, కుండ ఒకటి. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, ఆవిడను మెడ దాకా నీళ్లలో కూర్చోబెట్టి కుండ నెత్తిన బోర్లించి, ముక్కు మూసుకుని తను నీళ్లలో మునిగిపోయారు. మద్రాసు నుంచి వచ్చాక శౌరయ్య మాస్టారు తెలిసి ఒకరికి చేసిన సాయం అదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఇద్దరికీ పడిశం పట్టింది. అమలమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. వెంకటరావమ్మ ఎవరి చేతిదని ఆలోచించకుండానే తాగేసింది. తాగాక ఆలోచించింది. ఆలోచించాక ఇంకో గ్లాసు అడిగింది.

బట్టల కొట్టు పనులు తెమలక ఇన్నాళ్లూ ఆగిన ఆదిశేషయ్య మర్నాడు దిగాడు. అక్క కబురు అందినప్పటి నుంచీ దారి పొడుగునా కోపం పెంచుకుంటూ వచ్చాడు. మాస్టారిని నిలబెట్టి, మావాడికి ఇన్నాళ్లూ ఏం నేర్పారో సెలవియ్యమన్నాడు. నేనేమీ నేర్పలేదండీ అని మాస్టారు ఉన్నమాట చెప్పి తుమ్మారు. విన్నావా అక్కా, నువ్వన్నది అక్షరాలా నిజం అన్నాడు ఆదిశేషయ్య.

వెంకటరావమ్మ ఇరుక్కుంది. రాతిమనిషి అన్నది తనే. కాదని చెప్పాలంటే కుండ సంగతి చెప్పాలి. పిల్లలంతా చుట్టూ ఉన్నారు.

"అదికాదురా, ఆయన జమ్ములో..." అని మొదలుపెట్టింది. మాస్టారు ఆవిడ వంక చూశారు.

"జమ్ములో ఏమిటి?"

"జమ్ములో... దోమలెక్కువ" అంది.

ఇంక ఇక్కడ ఉండటం మంచిది కాదని ఆదిశేషయ్య తేల్చేశాడు. కొడుకును పిలిచి బట్టలు సర్దుకోమన్నాడు. సత్యం కదల్లేదు.

"నే..." అన్నాడు.

"నేనూ వస్తాను నాన్నా అంటున్నాడు. పద, బండి కాచుకుని..."

మాట పూర్తికాలేదు. వెంకటరావమ్మ అరచెయ్యి వచ్చి తమ్ముడి నోరు మూసింది. ఊళ్లో పదిమందికి పెద్దమనిషి, మీసాలవాడు, అక్క చేతికింద కళ్లు మిటకరిస్తూ నిలబడిపోయాడు. "వాణ్ని చెప్పనీరా" అంది ఆవిడ. తన రెండో చెయ్యి తన నోటికి అడ్డం పెట్టుకుంది.

అందరూ ఆగారు. ఆ కాసేపు వెంకటరావమ్మకు జమ్ములో నిలబడ్డంత పని అయింది.

"నేను... రాను నాన్నా" అన్నాడు సత్యం. "రేపు పడవ... నా వంతు."

ఆవిడ చెయ్యి తీసేసింది. కొడుకు నోట మొదలూ చివరా ఉన్న మాట వినడం ఆదిశేషయ్యకు గుర్తున్నంతలో అదే మొదలు. పంచె కొసతో మొహం తుడుచుకున్నాడు.

"ఇంకోసారి చెప్పరా" అన్నాడు.

రెండోసారి మొదటిసారి కన్నా ఆలస్యమైంది. అయినా చివరిదాకా వచ్చింది. ఆదిశేషయ్య బండివాణ్ని పొమ్మన్నాడు. మర్నాడు పొద్దున కూరల తట్టలతో పడవ కదిలితే ఒడ్డున నిలబడి కనుమరుగయ్యేదాకా చూశాడు. వెళ్లేటప్పుడు, పిల్లాడి పనులు పిల్లాడు చేసుకుంటున్నాడు కదా, ఇక్కడ నీకేం పని, ఇంటికి వచ్చెయ్యమని అక్కను అడిగాడు. ఆవిడ పనుందంది. ఏం పనో చెప్పలేదు.

ఈత రానివాళ్లు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. మర్నాటి నుంచి భవానీపురం జమ్ములో రెండు కుండలు తేలడం మొదలుపెట్టాయి. తుమ్మ మొద్దుకు రెండు మోకులు.

అలా కొన్నాళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున వెంకటరావమ్మ గిన్నెలు సర్దేసి జమ్మువైపు బయల్దేరబోతూంటే సత్యం వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏదో చెప్పాలని వచ్చాడని తెలిసి, ఆవిడ నోరు బిగబట్టుకుని కూర్చుంది.

"అత్తా, నువ్వు... ఇక నీళ్లలోకి దిగొద్దు."

ఏ నీళ్లలోకి అని ఆవిడ ఆశ్చర్యం నటించబోయింది. సత్యం చూసిన చూపుకు ఆ ఆశ్చర్యం మధ్యలోనే నీరుగారిపోయింది.

"మాస్టారికి ఈత రాదు. నీకూ రాదు. ఆయన ఒక్కరినైతే... కనిపెట్టుకుని ఉండగలం. ఇద్దరంటే మాకు కష్టంగా ఉంది."

మొదటిరోజే తెలిసిపోయిందట. తుమ్మే కుండ ఎక్కడైనా ఉంటుందా అన్నాడు వాడు. మాస్టారి మోకు గట్టిగా ఉందో లేదో అంతోని రోజూ ముందే వెళ్లి చూసి వస్తాడట. ఈత అయ్యాక అమలమ్మ జమ్ము పక్కనుంచి ఆఖర్న ఒడ్డెక్కేది ఆవిడ అనుకున్నట్టు చేపల కోసం కాదట, కుండ క్షేమంగా ఒడ్డెక్కిందా లేదా అని.

"మాస్టారికి చెప్పకు. చెబితే... ఆయన బాధపడతారు" అని వాడు లేచి వెళ్లిపోయాడు.

వెంకటరావమ్మది నోట్లో నువ్వుగింజ నానని స్వభావం. అలాంటి ఆవిడ నోట్లో ఇప్పుడు ఇటు మాస్టారి రహస్యమూ, అటు పిల్లల రహస్యమూ చేరాయి. గట్టు మీద మాస్టారు ఎదురయ్యారు. చంకలో కుండ ఉంది. పిల్లలకేమీ అనుమానం రాలేదు కదమ్మా అని గొంతు తగ్గించి అడిగారు.

"లేదండీ. పసివాళ్లు, వాళ్లకేం తెలుస్తుంది" అంది ఆవిడ. ఒంట్లో బాగాలేదు, ఇవాళ నేను దిగనండీ అని కూడా చెప్పింది. ఆయన తృప్తిగా తల ఊపి, చుట్టూ ఒకసారి చూసి, గట్టు దిగి వెళ్లిపోయారు.

వెంకటరావమ్మ వెళ్లి ఒడ్డున కూర్చుంది. కాసేపటికి పిల్లలు నీళ్లలోకి దిగారు. జమ్ములో కుండ పిల్లల్ని కనిపెట్టుకుని తేలుతోంది, పిల్లలు కుండను కనిపెట్టుకుని ఈదుతున్నారు. ఆవిడ పమిట చెంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలేటట్టు నవ్వుకుంది.